రెండోది

మల్కాపురంలో మా వరండా. మే నెల.
ఒళ్ళో ఊలు.
దారిన పోయేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.
ఈ ఊళ్ళో ఊలు కావలసింది ఇద్దరికే:
లంబసింగి చూడబోయేవాళ్ళకీ,
మా నూకరత్నానికీ.

మా కోడలు ఫిషింగ్ హార్బరు దగ్గర
రొయ్యల కంపెనీలో చేస్తుంది.
మైనస్ పద్దెనిమిది గదిలోంచి ట్రేలు తేవాలి,
తూకం వెయ్యాలి, మళ్ళీ లోపలికి.
గమ్‌బూట్లలో కాళ్ళు కొయ్యబారి
రాత్రి తొమ్మిదింటికి మెట్లెక్కుతుంటే
ఆ అడుగుల చప్పుడులో వేళ్ళు ఉండవు,
మడమలే ఉంటాయి.

షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టర్ని.
షాఫ్టుకీ బేరింగుకీ మధ్య
వెంట్రుకలో మూడో వంతు తేడా ఉన్నా
వేలితో తడిమి చెప్పేవాణ్ణి.
రెండు సాక్సులు ఒక లెక్కా, అనుకున్నాను.

నేవీ క్వార్టర్స్ కాంతాదేవి, చంబా మనిషి,
నాలుగు సూదులు పట్టడం నేర్పింది.
ఆవిడకి తెలుగు రాదు, నా హిందీ అంతంతమాత్రం.
"సీధా", "ఉల్టా",
ఈ రెండు మాటలతో మడమ దాకా వచ్చేశాం.

మొదటిది మాఘంలో అయిపోయింది.
అరవై నాలుగు కుట్లు, బూడిద రంగు.
బల్ల మీద నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాను,
ట్రయల్‌కి బయల్దేరే ఓడని చూసినట్టు.

రెండోదే.

రెండోది మొదలెట్టేనాటికి
పూర్ణా మార్కెట్లో ఆ బూడిద అయిపోయింది.
"అదే రంగు మాస్టారూ" అని కొట్టతను ఇచ్చింది
ట్యూబ్‌లైటు కింద అదే రంగు,
ఎండలో పెడితే
వాన ముందర యారాడ కొండ.
సరే, బూటు లోపల రంగెవడు చూస్తాడు.

మడమ దగ్గర కరెంటు పోయింది,
చీకట్లో లెక్క తప్పాను. విప్పాను.
మళ్ళీ అల్లాను. ఈసారి కుట్లు సరి, వరసలు సరి.
వెర్నియర్ పెట్టి కొలిస్తే
పొడుగులో పదకొండు మిల్లీమీటర్లు తక్కువ.

పదకొండు!
నా సర్వీసులో ఎవడైనా పదకొండు తెస్తే
మెమో చేతికిచ్చి గేటు చూపించేవాళ్ళం.

కాంతాదేవి రెండూ లాగి చూసి
ఏమీ అనకుండా
తన పిడికిలి బిగించి నా ముందు పెట్టింది.
అర్థమవడానికి రెండు రోజులు పట్టింది.
చెమటపట్టిన వేళ్ళ మీద ఊలు జారదు,
జారలేదని ఇంకా బిగించి లాగుతాం.
పైగా ఆ పదిరోజులూ మావాడు
ఉన్న ఉద్యోగం మానేసి మంచమెక్కాడు.
నేనొక్క మాటా అనలేదు.
అననివన్నీ ఈ ఊలు గొట్టంలోకి
వరస వరసకీ దిగిపోయినట్టున్నాయి.

ఇనుముతో ఈ గొడవ లేదు.
ఏ మనసుతో ఆకురాయి పట్టినా
అది లోపల దాచుకోదు.

ఒంటిగా ఉన్నదాన్నీ మేజోడనే అంటారు.
జత రాకముందే పేరులో జోడు పెట్టేశారు,
భాషకి తొందరెక్కువ.

పంతం పట్టి మూడోది అల్లాను, చెయ్యి వదులు చేసుకుని.
అది మరీ వదులై నా పిక్కకి సరిపోయింది.

మూడింటినీ బీరువా వెనక దాచితే
కొంగు నడుముకి దోపి తుడుస్తూ
ఆవిడే బయటికి లాగింది.
తొడిగి, విప్పి, కాళ్ళు మార్చి తొడిగి,
"నా ఎడంకాలేపే ఫ్రీజర్ తలుపుంటాది మావయ్యా,
బిగువుది దానికి. పొడుగుది ఇటేపు."
మరి ఈ వదులుది?
"అన్నం బాక్సు దూరుతాది.
మజ్జానం దాకా ఏడిగుంటాది."

జతల గురించి ఇంకేమీ మాట్లాడలేదు.
నేను మాత్రం ఆ రాత్రి తొమ్మిదింటికి
టీవీ కట్టేసి, మెట్ల వైపు చెవి పెట్టాను.

ఎడమ అడుగులో వేళ్ళు వినిపించాయి.
కుడిది ఇంకా మడమే.

సూదులెక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.