నిలువు గీతలు

బెలేంలో మూడు కొట్టగానే వాన పడుతుంది.
ఆ చప్పుడులోనే "మొదలుపెట్టండి" అంటాను.
ఏడుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి
తెల్లకాగితం మీద నిలువు గీతలు గీస్తారు
ఒకే పొడవు, ఒకే ఎడం.
నేను "గుర్తు" అన్నప్పుడల్లా ఒక అడ్డగీత.
అంతే పరీక్ష.
దాని చివర ఒక తుపాకీ ఉంటుంది.

ఇరవై రెండేళ్ళుగా గీతలు చదువుతున్నాను.
కిందికి జారే వరుస దిగులని,
కాగితం చిరిగేలా నొక్కిన చోట
ఎవరి మీదో కోపం దాగుందని
పుస్తకం చెబుతుంది.
పుస్తకానికేం తెలుసు,
తెల్లవారుజామున పీతల బుట్టలు మోసిన వేళ్ళు
పెన్సిల్‌నీ తాడులాగే పట్టుకుంటాయని!

జురందీర్ గీతలు
దువ్వెన పళ్ళు.
పిడుగు పడి దీపాలు ఆరినా
చీకట్లో గీస్తూనే ఉన్నాడు.
గడియారం జారింది నా చేతిలోంచే.

తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలవాలి.
"ఎవరినైనా చంపాలనిపించిందా, ఎప్పుడైనా?"
ప్రశ్న పూర్తికాకుండానే తల అడ్డంగా ఊపేస్తారు
గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడికి చెప్పినట్టు.
జురందీర్ తొందరపడలేదు.
నా కళ్ళలోకి చూసి, చక్కగా,
"లేదు" అన్నాడు.

ఆఖరున ఒసాలియా.
ఆమె గీతలు మూడో వరుసలో ఆగిపోయి
కాస్త వంకరగా మళ్ళీ మొదలయ్యాయి.
"ఎందుకు ఆగావు?"
"వాన వచ్చింది కదా. బట్టలు ఆరేసి వచ్చాను."
నవ్వు ఆపుకుని అసలు ప్రశ్న అడిగాను.
"అనిపించింది," అంది.
"మా తమ్ముడి దవడ విరగ్గొట్టినవాణ్ణి.
పడవలో ఉన్నాను, తెడ్డు చేతిలోనే ఉంది.
వాడు ఒడ్డున, ఇంత దూరంలో."
"మరి?"
"తెడ్డు వేసుకుంటూ అవతలికి వెళ్ళిపోయాను.
భుజాలు తిమ్మిరెక్కేదాకా వేశాను."

మా ఫారంలో రెండే గడులు:
తగును, తగదు.
రెంటికీ ఒక్క అక్షరమే తేడా.
నిలకడకు పుస్తకంలో మార్కులున్నాయి,
తెడ్డుకు లేవు.
జురందీర్‌కు సంతకం పెట్టాను.
ఒసాలియా కాగితం మీద
"మూడు నెలల తర్వాత మళ్ళీ రావాలి" అని రాశాను.
రాలేదు.
ఆ కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది,
పారేయడానికి చేయి రాదు.

నిన్న బ్యాంకు గుమ్మంలో
కొత్త యూనిఫాం, నడుముకు తుపాకీ.
"దోనా ఇవోనెచీ! తడిసిపోతారు, ఆగండి."
గొడుగు తెరిచి కారుదాకా నాతో నడిచాడు.
తన సగం ఒళ్ళు వానకే వదిలేశాడు, పాపం.
ఈదురుగాలి.
వీధిలో చెట్లన్నీ ఊగుతున్నాయి.

గొడుగు వణకలేదు.