పోలే పోలే

నారాయణగూడల సూది ఏయించుకుని వచ్చిన.
పసుపుపచ్చ కార్డు చేతిల పెట్టి
పది రోజులాగి విమానం ఎక్కమన్నరు.

టోలిచౌకిల మా పై అంతస్తు పిల్ల నీమా,
ఫార్మసీ చదువుతది, ఊరు మోషి.
మెట్ల మీద కూసోని నా సంచి ఇప్పించింది.

"ఈ ప్లాస్టిక్ కవర్లన్నీ తీసెయ్ ఐలన్నా,
మా దగ్గర బంద్.
తొక్కు స్టీలు డబ్బల పెట్టు.
దోమతెర సంచిల కాదు, మంచం మీదుండాలె.
నోట్లు కొత్తయి తీసుకో.
పెద్దోళ్ళు ఎదురైతే షికమో అను,
వాళ్ళు మరహబా అంటరు."
మరహబా మనకు తెల్వనిదా, నవ్విన.

"తొందరపడకు. పోలే పోలే అంటరు,
నిమ్మళంగ అని."
మా దిక్కు పోలే అంటే పోలేదని.
బోరుబండి మెకానిక్కును,
నలభై ఆరేండ్లల్ల
షాద్‌నగర్ దాటి పోలే.

మూడేండ్ల కింద ఇవే మెట్ల మీద
తాళంచెవి చేతికియ్యక
ఓనరు ఈ పిల్లను అడిగిన ప్రశ్నలు
పక్కనుండి విన్న.
పానా తుడుచుకుంట విన్న.

"అక్కడ నన్నెట్ల చూస్తరు?"
కార్డు మీద నా పేరు అక్షరమక్షరం సరిచూసి
"మంచిగనే" అన్నది.
సంచి మూతి కట్టినంక, మళ్ళ,
"షికమో మర్చిపోకు."