నాలుగు పాయింటు ఎనిమిది

రిపోర్టులో అంకె చూసి
సచివాలయం కుర్రాడు తల అడ్డంగా తిప్పాడు.
"ఐదు దాటాలప్పా. దీనికి పింఛను రాదు,
సిస్టమ్ తీసుకోదు."
జీడిరసం కాల్చిన వేళ్ళు చెంగులో దాచుకుని
ఢిల్లమ్మ అడిగింది:
"అయితే మావోడు ఇంకెంత పాడవ్వాలి బాబూ?"

కుర్రాడు చెడ్డవాడు కాదు.
వాళ్ళ నాన్న ఐదు దాటి, తొమ్మిది దాటి,
పలాసలో వారానికి మూడు పూటలు
యంత్రానికి రక్తం అప్పిచ్చి తీసుకుంటూ
పోయినేడు కాయ దింపే వేళకి
అన్నీ దాటిపోయాడు.
ఆ గీత ఎవరు గీశారో కుర్రాడికీ తెలీదు.

ఉద్దానం పచ్చగానే ఉంటుంది.
రైల్లోంచి చూసేవాళ్ళు
ఇక్కడే పుట్టుంటే బావుణ్ణనుకుంటారు.
మేం నీళ్ళని అనుమానించాం, నేలని,
పురుగుమందుని, ఎండని, నొప్పిబిళ్ళల్ని,
ఆఖరికి మా ఇంటిపేర్లని.
వచ్చిన ప్రతి బృందానికీ సీసాలు అందించింది నేనే,
ఆశా కార్యకర్తని కదా.
సీసాలు వెళ్ళాయి. జవాబు రాలేదు.

మా గ్రామసభకి ఎప్పుడూ పదకొండు మందే.
సంతకాలు నూటనలభై.
ఈసారి జీడిబట్టీల ఆడాళ్ళు
సగం కూలి పోగొట్టుకుని వచ్చి కూచున్నారు,
ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లు.
ఢిల్లమ్మ లేచింది.
"నాలుగు పాయింటు ఎనిమిది. దానేసు." కూచుంది.
"మూడు పాయింటు తొమ్మిది. నానే."
"నాలుగు పాయింటు రెండు. మా మరిది."
"రెండు పాయింటు ఆరు. మా గుంట. పంతొమ్మిదేళ్ళు."
బళ్ళో హాజరు పలికినట్టు,
చివరి వరస దాకా.
మూత పెట్టబోయిన పెన్ను మళ్ళీ తెరిచాడు సెక్రటరీ.
"తీర్మానం ఏమని రాయను?"
"ముదిరాక డబ్బులిస్తారు, సరే.
ముదరకుండా ఏటిస్తారో సెప్పమని రాయి.
మంచినీళ్ళు. నెలనెలా రక్తపరీక్ష.
ఆ పుస్తకం మాకు సదివి వినిపించి
అప్పుడు సంతకాలెట్టించుకో."

ఏడు నెలలు పట్టింది.
మధ్యలో నాలుగుసార్లు శ్రీకాకుళం బస్సెక్కాం,
రెండుసార్లు తప్పు గదిముందు నిలబడ్డాం.
కుళాయి వచ్చింది, రోజు మార్చి రోజు.
రెండో శనివారం అంగన్‌వాడీలో పరీక్ష.
గీత మాత్రం ఐదు దగ్గరే ఉంది.

దానేసు ఆగలేదు.
ఐదు పాయింటు మూడు.
పింఛను మంజూరైందని చెప్పడానికి కుర్రాడే ఇంటికొచ్చి
గుమ్మంలో చాలాసేపు
ఏమీ చెప్పకుండా నిలబడ్డాడు.

నిన్న రిజిస్టర్లో రాసుకున్నాను:
పంతొమ్మిదేళ్ళ పిల్ల, రెండు పాయింటు ఆరు.
కిందటి నెలా అంతే. అంతకు ముందూ అంతే.
కదలని అంకె.
ఢిల్లమ్మకి చూపిస్తే
కాల్చిన వేలితో దాన్ని ఓసారి తడిమి
"తీర్మానం కాపీ ఏదీ" అంది,
"ఐదు సంగతి ఇంకా తేలనేదు."