ఈనె ఎండే రాత్రి

డాక్టరమ్మ అడిగింది:
నొప్పి పదికి ఎంత, మాలకొండమ్మా?

పదికి నాకేం తెలుసు.
ఇరవయ్యేళ్ళు పొగాకు గ్రేడింగు చేసినదాన్ని.
పండాకు, పచ్చాకు, మచ్చాకు, మాడాకు,
కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేదాన్ని.
పొద్దున వేళ్ళలోది పచ్చాకు నొప్పి, నీళ్ళు పట్టి బరువుగా.
సందేళ మోకాళ్ళది మాడాకు.
అర్ధరాత్రి మణికట్టులో లేచేదానికి
ఏ కంపెనీ ఇంకా గ్రేడు కట్టలా.

ఇదంతా చెప్పబోతే వెనక క్యూ గొణిగింది.
ఏడు అన్నా. రాసుకుంది.

గట్టి మందు ఒంగోలు పెద్దాసుపత్రికి రావాలంట,
మూడు నెలలుగా స్టాకు లేదంట.
బయట కొంటే ఒక్క సూది
నా రెండు నెలల కూలి.
ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసేది మాత్రం వద్దంది,
పోయినేడు దానికే నా మొహం పూర్ణంబూరెలా పొంగింది.
పారాసిట్మాలు పది, కాల్షియం పది
కవర్లో వేసుకుని
నో బిడ్ చీటీ పడిన బేలు లాగా
టంగుటూరు బస్సెక్కి తిరిగొచ్చా.

మాలకొండ సామి శనివారం ఒక్కరోజే తలుపు తీస్తాడు.
మిగతా ఆరు రోజులూ రుషులొచ్చి పూజ చేసుకుంటారంట.
ఆయన పేరు మోస్తా ఉండా గానీ
ఆయనకున్న సెలవు నాకు లేదు.

కుళాయి తిప్పేది మోచేత్తో.
గరిటె కాడకి పాత లంగా గుడ్డ చుట్టా,
లావుగా ఉంటే పట్టు దొరుకుద్ది.
రైక హుక్కులు పక్కింటి సలోమి పెట్టుద్ది,
పెడతా పెడతా వాళ్ళత్తని తిట్టుద్ది,
ఆ తిట్లకి నవ్వొచ్చి కాసేపు మర్చిపోతా.
వావిలాకు కాపడం, ఉప్పు మూట, ఆముదం.
పని చేస్తాయా అంటే
నాకో పని ఇస్తాయి.

మబ్బేస్తే బేరన్ ఆసామి మనిషిని పంపుతాడు:
"మాలకొండమ్మ మోకాళ్ళేమంటన్నాయో కనుక్కురా,
కోత పెట్టాలా, ఆపాలా?"
మొన్న అల్పపీడనం సంగతి
టీవీ కన్నా రెండు రోజుల ముందే చెప్పా.
ఆయన ఆకు దక్కింది.
నాకు టీ వచ్చింది.

డాక్టరమ్మా, రాత్రి సంగతి మీకు చెప్పలా.

బేరన్ కాలే రోజుల్లో
ఊరు పడుకున్నాక కర్ర పట్టుకుని ఆడికి పోతా.
ఏలీషా పొయ్యిలోకి సరుగుడు తోస్తా ఉంటాడు.
ఎందుకొచ్చావని మొదటి రాత్రి కూడా అడగలా.
గోతం పరిచి, కొంచెం జరిగాడు.
గోడకి వీపు, గోడకి మోకాళ్ళు, గోడకి అరచేతులు,
జొన్నరొట్టె తిప్పినట్టు తిప్పుకుంటా నన్ను నేను.
ఆకు పసుపు తిరిగే రోజు గోడ ఒట్టి గోరువెచ్చన.
ఐదో రోజుకి రెక్క ఎండుద్ది, ఈనె ఎండదు.
ఎముక లాంటిది, మొండిది.
దానికోసం నూట అరవైకి లేపుతాడు మంట.
ఆ రాత్రి నాకోసమే అనుకుంటా.
గాజుపలకలోంచి చూసి
"నూట యాభై ఎనిమిది" అంటాడు.
"ఇంకో రెండు" అంటా.
సింగరాయకొండ దాటొచ్చే రైలు కూతేసుద్ది.
ఆ రైలు నుంచి ఇంకో రైలు దాకా
నా వేళ్ళు నావి.

తెల్లారుజామున తలుపులు తీస్తారు.
ఎండిన ఆకు ముట్టుకుంటే పొడి.
మంచు తాగి పదునెక్కితేనే చేతికొచ్చుద్ది.
అదే మంచు నా వేళ్ళని కొయ్యలు చేసుద్ది.
అది మెత్తబడే వేళకి నేను బిగుసుకుంటా.
ఒక్క ఆకు ఒళ్ళో పెట్టుకుని
వేళ్ళకి చూపిస్తా:
ఇది చూడండే, రాత్రి దాకా ఇదీ మీలాంటిదే.

మార్చి అయిపోయింది.
ఇంకొక్క బేరనే అన్నాడు ఏలీషా.
ఆ తర్వాత అని తను అనలా, నేనూ అనలా.
మంట ఆర్పిన పొద్దున
పొయ్యి మూతి నుంచి ఒక ఇటుక ఊడదీసి
గోతంలో చుట్టి ఇచ్చాడు.
చేతుల్తో పట్టలేక కొంగులో మోసుకొచ్చా.

ఇంటికొచ్చేసరికి చల్లారింది.
అన్నం దించి, అదే పొయ్యి మీద ఇటుక ఎక్కించా.
సలోమి తొంగి చూసి
ఏంటక్కా ఇవాళ కూర, అంది.