ఇంటూ కొట్టని రెండు రోజులు

పాలిష్ మిషను బేరింగు పోయిందని
శని, ఆదివారాలు రావద్దన్నారు.
దూరంగా క్వారీలో పేలుళ్ళు మామూలే,
చెవుల్లో మాత్రం రంపం లేదు.
చీమకుర్తిలో నాకిలాంటి పొద్దు ఎప్పుడూ తెల్లారలేదు.

గొళ్ళెం పెట్టి, బొరుగుల గిన్నె ఒళ్ళో పెట్టుకుని
టీవీ ముందు కూలబడ్డాను.
ఎనిమిది భాగాల హత్య కథ.
మూడో భాగానికే చంపిందెవరో తెలిసిపోయింది,
అయినా లేవలేదు.
తర్వాతి భాగం ఐదు సెకన్లలో, నాలుగు, మూడు...
వద్దనుకోడానికి ఆ కాస్త టైము ఎవరికి చాలుతుంది?

సాయంత్రానికి బొరుగులు మెత్తబడ్డాయి.
ఇన్‌స్పెక్టరు పెళ్ళాం పుట్టింటికి పోయింది.
నేను లైటు కూడా వెయ్యలేదు.

నా పని పగుళ్ళు వెతకడం.
పలక తడిపి, వంగి, టార్చి ఏటవాలుగా పట్టి
వెంట్రుకంత గీత కనిపిస్తే
ఎర్ర చాక్‌పీసుతో ఇంటూ కొట్టడం.
పదకొండేళ్ళు.
మనుషుల్నీ నువ్వట్టాగే చూస్తావని
ఖాజావలి నవ్వుతాడు.
రాళ్ళకి ఫోటోలు తీసి బయ్యర్లకి పంపే పిల్లోడు,
మొన్న నా అరచేతిలో ఒక లెన్సు పెట్టాడు,
కోటు గుండీ అంత.
"ఫోనుకి తగిలించుకోక్కా. ఊరికే చూడు.
ఇంటూ కొట్టబాక."

ఆదివారం, ఆరో భాగం మధ్యలో కరెంటు పోయింది.
అప్పుడు గుర్తొచ్చింది.

ముందు నిమ్మకాయ తొక్క.
గుంటలు గుంటలు, పైనుంచి మా క్వారీలాగా.
తర్వాత చీమ. నిలబడదు.
ఊపిరి బిగబడితే చెయ్యి వణుకుతుంది,
వదిలితే చీమ పోతుంది.
నలభై ఫోటోల్లో ముప్పై తొమ్మిది మసక.
ఒక్కదాంట్లో మాత్రం
దాని మీసం మీద తెల్లటి నలుసు, రాతిపొడి.
ఓసినీ, నువ్వూ మా కంపెనీయేనా!

వంటగట్టు మీదికి వంగాను.
నేనే ఇంటూ కొట్టిన పలక,
సగం ధరకి నేనే తెచ్చుకున్నది.
లెన్సు కింద ఆ నలుపులో
రాగిరంగు పొలుసులు ఎక్కడెక్కడో లోతున వెలిగాయి.
పగులు ఏరంత ఉంది.
ఏట్లో పసుపు, ఎప్పటి పోపుదో ఒక ఆవపొట్టు.

కరెంటొచ్చింది. తెరమీద ఎవరో ఏడుస్తున్నారు.
ఆ చెంపకి లెన్సు ఆనించి చూశాను.
ఎరుపు, పచ్చ, నీలం గింజలు వరసలు వరసలు.
కన్నీళ్ళు లేవు. మొహం లేదు.
రెండడుగులు వెనక్కొస్తే మళ్ళీ ఏడుపు,
నాకూ గొంతులో ఏదో అడ్డం పడింది.

ఎనిమిదో భాగం చూడలేదు.
చీకటి పడుతుంటే ఫ్యాక్టరీ వైపు
మిషను ఒకసారి గురగురమని ఆగింది.
బేరింగు మార్చినట్టున్నారు.
సంచిలో చాక్‌పీసు ఉందో లేదో చూసుకున్నాను.
ఉంది.
దాన్నీ ఒక ఫోటో తీశాను.
మసకగా వచ్చింది.