తొమ్మిది కురుషులు

బస్సు చివరి స్టాపు పేరు ఇప్పటికీ చివరి స్టాపే.
ఇస్తాంబుల్లో మారని పేరు అదొక్కటే అనుకుంటాను.
కుర్తులుష్ వీధికి ఇంత ఎత్తు అప్పుడు లేదు,
లేదా ఈ మోకాళ్ళు అప్పటివి కావు.

పచ్చి టొమాటోల జాడీలు మెరిసిన కిటికీలో
పగిలిన ఫోన్లు వరసగా వైద్యం కోసం పడుకున్నాయి.
మూడో అంతస్తు నుంచి తాడుతో బుట్ట దించి
రొట్టె పైకి లాక్కునే ఎరానుహి ఆంటీ బాల్కనీలో
ఏసీ డబ్బా నీళ్ళు కారుస్తోంది.
ఈస్టర్ రొట్టెల బేకరీ ఉంది గానీ
దాని వాసన మలుపు దాటి రావడం లేదు.
ముక్కు ముసలిదైందో, పిండి పొదుపు నేర్చిందో.

బోటీ సూపు కొట్టు మాత్రం
తెల్లవార్లూ తెరిచే ఉంది, వెనకటిలాగే.
నాన్న రాత్రి డ్యూటీ దిగి
వేళ్ళకు సీసపు అక్షరాల మసితో
ఈ బల్ల దగ్గరే కూర్చునేవాడు.
నియాజీ ఉస్తా పోయాడట.
బల్లలు తుడిచిన కుర్రాడు షుక్రూ
ఇప్పుడు నెరిసిన మీసంతో గల్లా దగ్గర.

రుచి చూడకుండానే
మూడు చెంచాల వెల్లుల్లి వెనిగర్ పోశాను.
అతను తలెత్తాడు.
"ఒన్నిక్ గారి అమ్మాయివా?"

తర్వాత లోపలికెళ్ళి
నీలం అట్ట పుస్తకం దులుపుతూ తెచ్చాడు.
తొంభై రెండు, మార్చి. పన్నెండు గిన్నెలు.
తొంభై వేల లీరాలు.
ఆ నెలలోనే మేం సామాను కట్టాం,
వీధికి చెప్పకుండా.
నాన్న ఎవరికీ బాకీ లేడని
సమాధి దగ్గర అందరి ముందూ అన్నది నేనే.

ఈలోగా సర్కారు
డబ్బు మీంచి ఆరు సున్నాలు కొట్టేసింది.
షుక్రూ వేళ్ళు మడిచి లెక్క కట్టాడు: తొమ్మిది కురుషులు.
లీరాలో పదో వంతైనా కాదు.
పర్సు బోర్లించాను. అంత చిన్న నాణెం
నా దగ్గర లేదు, అతని గల్లాలోనూ లేదు.
నోటు ఇస్తే తోసేశాడు.
"అంత చిల్లర ఎక్కణ్ణుంచి తేను?
మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే."
ఇవాళ్టి గిన్నెకి మటుకు
ఒక్క కురుషు తగ్గించలేదు.

పుస్తకం మూయబోతుంటే ఆపాను.
నాన్న పేరులో ఒక న తక్కువుంది.
ముప్ఫై ఏళ్ళు పత్రికలో తప్పులు ఏరిన మనిషి
ఇన్నాళ్ళూ ఇక్కడ తప్పుగానే ఉన్నాడు.
షుక్రూ పెన్ను అడిగి తీసుకుని
ఆ అక్షరం చేర్చాను.
బాకీ అలాగే ఉంది.