దస్తీ

కొత్తూరు కొలుముల పొగ
ఊర్ల మీదికి పోకుంట సంచులల్ల వట్టి
లారీలకెత్తి మాకు పంపుతరు.
జడ్చర్ల దాటినంక, రైలు గేటుకు ఎడమ దిక్కు
రేకుల షెడ్డు మాది.
దుమ్ములకెల్లి జింకు దీస్తం.

“దుమ్ము అనొద్దుర బై, సరుకు అనాలె”
ఉస్మాన్ సాబ్ దినాం జెప్తడు.
పిడికెడు ఒలికినా ఊడ్చి ఎత్తిస్తడు,
ఎత్తినంక చీపురును గూడ దులిపిస్తడు.

ఇనుము కరిగేటప్పుడు
మీది పూత ముందుగాల లేస్తదట.
ఇనుముకు చెప్పకుంటనే పొగల గలుస్తదట.
అందుకే మూట విప్పినప్పుడల్ల
ఇది ఏందై ఉండెనో అని సూస్త:
కోళ్లఫారం జాలీనో,
అడుగు వోయిన బకీటో,
తొమ్మిదొందల ఫీట్లు దిగి, సుక్క దొరుకక
మల్ల మీదికి గుంజి కాంటాకేసిన
ఎవలిదో బోరు పైపో.
నీళ్లకు దిగింది నిప్పులకొచ్చి పడ్డది.
ఎట్ల గుర్తువట్టాలె?
అన్నీ కలిసి కాఫీపొడి రంగు.

బొగ్గుపొడి కలిపి బట్టీలకు దోలుతం.
రాత్రంత అది పొర్లుతనే ఉంటది
నిద్రవట్టని ముసలోని తీరు.
తెల్లారంగ అవతలి సంచులల్ల
మెత్తగ, తెల్లగ పడి ఉంటది.
మొదటిసారి జొన్నపిండే అనుకున్న.
వేలు నాకబోతే
జోగిందర్ చెయ్యి మీద కొట్టిండు.

మా అమ్మ మట్టి మోసింది.
ఏ దేశంల ఏ కట్టకో, పేరు ఆమెకే తెల్వదు.
గంపకొక గవ్వ ఇచ్చేటోడట మేస్త్రి,
పొద్దుగూకినంక గవ్వలు లెక్కవెట్టి పైసలు.
కొంగున మూడు గవ్వలు మిగిలినయి,
ఆ పైసలు ఇప్పటిదాక రాలే.
నా కాడ గవ్వలు లేవు.
లాబుల తబస్సుం ఉన్నది,
సరుకు కత పాయింట్లల్ల జెప్తది.

మొన్న షిఫ్టు దిగంగ మొఖం తుడుసుకొని
దస్తీ ఆమె బల్ల మీద వెట్టిన.
“గిది గూడ సూడు బిడ్డా, ఏం రేటు వస్తదో.”
పరాష్కానికే అన్న.
ఆమె నవ్వలే.

తెల్లారి చిట్టీ ఇచ్చింది.
జింకు పందొమ్మిది పాయింట్ నాలుగు.
సీసం రెండు పాయింట్ ఒకటి.
కింద పెన్సిల్‌తోటి,
“రక్తం పరీక్ష ఎప్పుడు చేయించినవు కురుమన్నా?”
దస్తీ ఏదమ్మా అంటే
కాల్చకుంట లెక్క రాదన్నది.
పదిహేను రూపాయల దస్తీ.
అంజిలమ్మ అడుగుతది, ఏం జెప్పాలె.

గేటు కాడ దినాం తడిమి సూస్తరు
సరుకు బైటికి పోతదేమోనని.
చేతులు మీదికెత్తి నిలవడ్డ.
అంగి జేబు, లాగు జేబు, టిఫిన్ డబ్బ, చెప్పులు.
చిట్టీ గూడ విప్పి సూసి
అంకెలే గదా అని మల్ల చేతుల వెట్టిండు.
దగ్గొచ్చింది.
వాచ్‌మెన్ మొఖం పక్కకు దిప్పుకొని
ఏం లేదు, పో అన్నడు.